మా ఇంటి ఏనుగు గొలుసు

మాకు ఏనుగుండేది. ఈ వాక్యం నాకు అక్షరాలు రాకముందే వచ్చు. మన్యం అంచున పదకొండు ఊళ్ళ జమీందారీ మాది. నేను పుట్టేనాటికి ఊళ్ళు పోయాయి, దివాణం కప్పు సగం కూలిపోయింది, నిలిచిన సగంలో ఒక రైసుమిల్లు గుమాస్తా అద్దెకుండేవాడు. ఏనుగు మాత్రం పోలేదు. అది చచ్చిపోయి రెండు తరాలైందని చెప్పినా, భోజనాల దగ్గర, పెళ్ళిచూపుల్లో, దాయాదులతో తగవుల్లో అది తిరుగుతూనే ఉండేది. దానికొక పేరుంది. దసరాకు దాని నుదుటి మీద ఏ రంగుతో ఏ ముగ్గు వేసేవారో మా నాయనమ్మ వేలితో గాలిలో గీసి చూపించేది. ఆవిడ కూడా దాన్ని చూడలేదు.

రుజువు ఒక్కటే. గొలుసు.

నిలువెత్తు మనిషి రెండు చేతులూ చాచి పట్టుకున్నా ఇంకా రెండు వైపులా వేలాడేంత పొడవు. మధ్య మధ్య మూడు ఇనుప కడియాలు. ప్రతి విజయదశమికీ ఆయుధపూజలో కత్తుల కంటే ముందు దానికే పసుపు, గంధం, కుంకుమ. నాలుగు తరాల గంధం పట్టి కడియాలు మట్టితో చేసినట్టుండేవి. ఏనుగు గొలుసు ఇంత సన్నంగా ఉంటుందా అని ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది: ఇది కట్టేసే గొలుసు కాదు, ఊరేగింపు గొలుసు. కడియాలు ఏనుగు కాలికి పట్టవు కదా అంటే, అవి కాలికి కాదు, గంటలు వేలాడదీయడానికి. మా ఇంట్లో ప్రతి అనుమానానికీ ఒక కొత్త అలంకారం పుట్టేది. కొలత మాత్రం ఎవరూ తీయలేదు. కొలవడం కోమట్ల పని అనుకునే అహంకారం మాది, అందుకే కూలిపోయాం.

ఆస్ట్రేలియా వచ్చేటప్పుడు దేవుడి విగ్రహాలు అన్నయ్య పట్టుకెళ్ళాడు, గొలుసు నాకు వచ్చింది. అన్నయ్య మెల్‌బోర్న్ పక్కన క్రాన్‌బర్న్‌లో డాక్టరు. నేను సిడ్నీలో, టూంగాబీలో ఉంటాను. కౌన్సిల్ ఆఫీసులో ఇరవై ఏళ్ళు కాగితాలు సర్ది, ఇప్పుడు బ్లాక్‌టౌన్ దాటాక ఉన్న ఒక చిన్న మ్యూజియంలో వారానికి మూడు రోజులు పనిచేస్తున్నాను. వచ్చిన వస్తువులు తుడవడం, కొలవడం, చీటీలు రాయడం నా పని. "వాచ్‌మన్ ఉద్యోగం" అంటాడు అన్నయ్య. నేను టై కట్టుకుని వెళతాను.

టూంగాబీలో ఆయుధపూజ గరాజుల్లో జరుగుతుంది. టొయోటా చక్రాల కింద నిమ్మకాయలు, గడ్డి కోసే మిషనుకు బొట్టు, ఆఫీసువాళ్ళిచ్చిన లాప్‌టాప్‌కు అక్షింతలు. తాతలెవరో, ఏం చేసేవారో తెలియని ఇంజనీర్లు పిల్లల్ని వెంటబెట్టుకుని మా గొలుసు చూడటానికి వచ్చేవారు.

"అంకుల్, నిజంగా ఎలిఫెంటా? మీ ఓన్ ఎలిఫెంటా?"

"మా సొంతం."

"వావ్. ఒక్క సెల్ఫీ అంకుల్."

నేను నిటారుగా నిలబడేవాణ్ణి. వాళ్ళను చూసి జాలిపడేవాణ్ణి. ఇప్పుడు ఆ జాలి తలుచుకుంటే నా మీద నాకే రోత.

పోయిన ఏడాది ఆగస్టులో మ్యూజియానికి ఒక ముసలావిడ వచ్చింది. ఉత్తరాన ఎక్కడో వాళ్ళ తాతలకు పెద్ద పశువుల ఎస్టేటు ఉండేదట. మూడు రోజులు గుర్రం మీద తిరిగినా దాటలేనంత నేల. అంతా పోయి, ఆవిడ ఇప్పుడు రెండు గదుల ఇంట్లో ఉంటోంది. ఆవిడ పేరు రాయను. మా ఊళ్ళో అయితే ఆవిడను దొరసాని అనేవారు, అదే చాలు. ఒక జీను, పశువులకు వాతలు పెట్టే ఇనుప గుర్తులు, ఒక వెండి టీ కెటిల్, ఒక గొలుసు తెచ్చి ఇచ్చింది. కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చుంది. పడిపోయిన ఇళ్ళవాళ్ళు ఒకరినొకరు ఇట్టే పోల్చుకుంటారు. ఆవిడ నాకు నచ్చింది.

ఇలాంటి వస్తువులకు చీటీ రాసే ముందు మా మ్యూజియంవాళ్ళు ఒక ఆదివాసీ పెద్దావిడను పిలిచి అడుగుతారు. అందరూ ఆవిడను ఆంటీ అంటారు. మనవాళ్ళు ఎదురింట్లో ముప్పై ఏళ్ళామెను కూడా ఆంటీ అనేస్తారు. వాళ్ళలో ఆ పిలుపు వయసుతో రాదు. తనవాళ్ళందరూ ఒప్పుకుంటేనే వస్తుంది. ఆ రోజు ఆంటీ వచ్చింది, బల్ల మీద గొలుసును చూసింది, చేతులు వెనక్కి పెట్టుకుంది. ముట్టుకోలేదు.

"ఇదేమిటి?" అంది.

"ఎద్దుల గొలుసు," అంది దొరసాని.

"ఎలాంటి ఎద్దు?"

"మామూలు ఎద్దే."

"అంత సన్నటి మెడా? అయ్యో, మీ తాత మేత పెట్టేవాడు కాదా?"

దొరసాని మొహం ఎర్రబడింది. "మా తాత తన నల్లవాళ్ళను సొంత బిడ్డల్లా చూసుకునేవాడు."

"బిడ్డలకు తాళాలు కూడా వేసేవాడన్నమాట," అంది ఆంటీ. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు, టై కట్టుకున్నాయనా. నీ చొక్కా కాలరెంత?"

"పదిహేనున్నర."

"ఆ కడియం లోపల కొలిచి చూడు."

టేపు తిప్పి కొలిచాను. పదహారు అంగుళాలు.

"అర అంగుళం వదిలారు," అంది ఆంటీ. "మర్యాదస్తులు."

మా అధికారి లోపలికి వెళ్ళి ఒక పాత ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టాడు. తొమ్మిదిమంది మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. మెడలన్నీ ఒకే గొలుసుకు. ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు గుర్రాల మీద పోలీసులు. తమ నేల మీదకు వచ్చిన ఎస్టేటు ఎద్దును ఆకలేసి చంపుకు తిన్నారని ఆదివాసీలను పట్టుకుని, కోర్టుండే ఊరిదాకా రోజుల తరబడి అలా నడిపించేవారట. నేరం చేసినవాణ్ణే కాదు, సాక్షులను కూడా. ఆడవాళ్ళను కూడా. గుర్రాల మీద పోలీసుల పక్కన తుపాకులతో నిలబడ్డవాళ్ళు ఎస్టేటు మనుషులు. పోలీసులకు గుర్రాలు, మేత, గొలుసులు పెట్టుకోవడానికి చోటు, అన్నీ ఎస్టేటు ఇచ్చేదే. కాల్చి చంపిన రోజుల్లో కోర్టు దాకా నడిపించే శ్రమ కూడా ఉండేది కాదట.

దొరసాని ఫోటో చూసి గడ్డం పైకెత్తింది. "మెడకు వేయడమే దయ. చేతులు ఖాళీగా ఉంటాయి కదా. అక్కడ ఈగలెక్కువ. తోలుకోవచ్చు."

రెండు నిమిషాల కిందట అది ఎద్దు. ఇప్పుడు ఎద్దుకు చేతులొచ్చాయి, ఈగలు కూడా తోలుకుంటోంది.

నేను మనస్ఫూర్తిగా అసహ్యించుకున్నాను ఆవిడను. అబద్ధమాడినందుకు కాదు. అడిగిన వెంటనే వదిలేసేంత పలచటి అబద్ధాన్ని ఇన్నేళ్ళు వంశ గౌరవంలా మోసినందుకు. ఆ సాయంత్రం అన్నయ్యకు ఫోను చేసి ఎద్దు చేతుల సంగతి చెప్పాను. ఇద్దరం కడుపుబ్బా నవ్వాం.

"ఇంగ్లీషువాళ్ళ వంశాలన్నీ అంతేరా," అన్నాడు అన్నయ్య. "దొంగలు, ఖైదీలు. మనలా కాదు."

"అవును," అన్నాను.

తర్వాతే అసలు కబురు చెప్పాడు. వాళ్ళబ్బాయికి సంబంధం కుదురుతోంది. పిల్ల తండ్రి గుంటూరు వైపు నుంచి వచ్చిన గుండె డాక్టరు. ఈసారి విజయదశమి పూజ క్రాన్‌బర్న్‌లో, వాళ్ళు కూడా వస్తారు, గొలుసు తీసుకురా. "వాళ్ళకు డబ్బుంది కానీ వెనక ఏమీ లేదు. ఒక్కసారి చూపిస్తే చాలు, మాటలక్కర్లేదు."

పండక్కి పది రోజుల ముందు ఒక శనివారం ఉదయం గొలుసు బయటికి తీశాను. గుండె డాక్టరుకు చూపించాలి కదా, శుభ్రం చేద్దామనుకున్నాను. మ్యూజియంలో నేర్చిన పద్ధతిలో వేడినీళ్ళలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తోమాను. నాలుగు తరాల గంధం పెచ్చులుగా ఊడింది. కింద కడియం రెండు సగాలుగా తెరుచుకుంది. ఒక వైపు తలుపు బందులాంటి మడత. రెండో వైపు తాళం దూర్చే చెవి. ప్రతి కడియం మీద ఒక అంకె అచ్చు గుద్ది ఉంది: ఏడు, ఎనిమిది, తొమ్మిది.

ఏనుగు గంటలకు ఎవరూ నంబర్లు వేయరు.

టేపు తెచ్చాను. పదిహేనుంపావు. మా కొండవాళ్ళు నాకంటే సన్నటి మనుషులు.

నేను తెలివైనవాణ్ణి కాను; తెలివైనవాడికి ఆగస్టులోనే వెలిగేది. కానీ ఒకసారి వెలిగాక చిన్నప్పటి సంగతులన్నీ వాటంతటవే వచ్చి వరసలో నిలబడ్డాయి. మా ముత్తాత కొండవాళ్ళ ఫితూరీ అణచడంలో సర్కారుకు సాయపడ్డాడని ఒక సన్నదు ఉండేది మా ఇంట్లో, అద్దం కట్టి. ఆ సాయం ఏమిటని ఎవరూ అడగలేదు. కొండ మీదకు రోడ్డు వేయించింది మా ముత్తాతే అని చెప్పుకునేవాళ్ళం. కొండ మీద రోడ్డు వేయడానికి కూలీలు ఎలా దొరికారో ఎవరూ అడగలేదు. దసరాకు కొండవాళ్ళు తేనె, అడ్డాకులు తెచ్చి దివాణం గేటు దగ్గర పెట్టి వెళ్ళిపోయేవారు. పూజ చూడటానికి రమ్మన్నా లోపలికి వచ్చేవారు కాదు. ఏనుగు పోయి ఇన్నేళ్ళయినా వీళ్ళకు దాని భయం పోలేదని మేము అరుగు మీద కూర్చుని నవ్వుకునేవాళ్ళం. పులిహోర తింటూ.

సోమవారం మ్యూజియంలో ఆంటీ కనిపిస్తే చెప్పాను. ఎందుకు చెప్పానంటే, బహుశా ఆవిడ గొలుసు తీసుకుంటుందని, దాంతో నా పని అయిపోతుందని. అదీ మా వంశపు బుద్ధే. బరువు ఎప్పుడూ ఇంకొకళ్ళ నెత్తిన పెట్టాలి.

ఆవిడ టీ కప్పు పట్టుకుని అంతా విన్నది. "ఏనుగు నిజంగా ఉండేదా?"

"ఉండేదనుకోను."

"పేరుందన్నావు?"

"ఉంది." చెప్పాను.

"బాగుంది పేరు. మరి మీ గొలుసులో నడిచిన మనుషుల పేర్లు?"

నాకు తెలియదు. పేర్లు కాదు కదా, వాళ్ళది ఏ తెగో కూడా గట్టిగా చెప్పలేను. మేము కొండవాళ్ళు అనేవాళ్ళం, అంతే. లేని ఏనుగుకు పేరు పెట్టి, ఉన్న మనుషులకు అంకెలు వేశాం.

"దాన్ని ఇక్కడికి తేకు," అంది ఆంటీ. "మా గొలుసులు మాకు చాలినన్ని ఉన్నాయి. మీవాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళు."

"వాళ్ళు మావాళ్ళు కారు," అన్నాను, అలవాటుగా.

ఆవిడ నన్ను చూసిన చూపు రాయను. దొరసానిని కూడా అలా చూడలేదు.

పండగ ముందురోజు క్రాన్‌బర్న్ చేరాను. తొమ్మిది గంటల డ్రైవింగు. విజయదశమి పొద్దున వంటింట్లో అన్నయ్యను ఒంటరిగా పట్టుకుని, కడియం విప్పి చూపించి, సంగతంతా చెప్పాను. అన్నయ్య పట్టుపంచె కట్టుకుని, కాఫీ తాగుతూ విన్నాడు. కడియం వైపు చూడలేదు.

"ఇవాళ కాదురా," అన్నాడు.

"మరెప్పుడు?"

"ఎప్పుడూ కాదు. వాళ్ళు లెవెన్‌కల్లా వచ్చేస్తారు. పసుపు బాగా పట్టించి పెట్టు."

"అన్నయ్యా, ఇది మనుషుల మెడలకు వేసింది."

"నాకు చెప్తావేంట్రా? నేను డాక్టర్ని. మనిషి మెడ ఎంతుంటుందో నాకు తెలియదా?"

"ఎప్పటినుంచి తెలుసు?"

"మెడిసిన్ ఫస్టియర్ నుంచి. నాన్నగారికి చెప్తే, చదువు చదువుకో అన్నారు. చదువుకున్నాను." కప్పు సింకులో పెట్టాడు. "నీకు ఏనుగు కావాలిరా. చిన్నప్పట్నుంచీ. నాకంటే నీకే ఎక్కువ కావాలి. అందుకే నీకిచ్చాను."

అది నిజం. ఆయన అబద్ధం చెప్పాడు కానీ నమ్మలేదు, నేను నమ్మాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నీచులో తేల్చుకోలేకపోయాను.

పదకొండింటికి గరాజులో అందరం చేరాం. రెండు కార్లు, ఒక ట్రెడ్‌మిల్, అన్నయ్య స్టెతస్కోపు, అన్నిటికీ బొట్లు. మధ్యలో పట్టుగుడ్డ మీద గొలుసు. నేను పసుపు పట్టించలేదు, వదిన పట్టించింది. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పలేదు. గుండె డాక్టరు చేతులు కట్టుకుని, మర్యాదగా వంగి చూశాడు. కలుపుగోలు మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూశాడు.

"అబ్బా. ఇదేనా బావగారూ? ఎలిఫెంట్‌కి ఏ కాలికండీ కట్టేది?"

అన్నయ్య నా వైపు చూశాడు. ఈ జవాబు ఎప్పుడూ నాదే. మా ఇంటి గౌరవమంతా, వాళ్ళబ్బాయి పెళ్ళితో సహా, ఆ క్షణాన నా నోట్లో ఉంది. చెబితే అంతా కూలుతుందని, మిగిలిన సగం కప్పు కూడా కూలుతుందని అనుకున్నాను. కూలనీ అనుకున్నాను.

"కాలికి కాదు, మెడకు," అన్నాను.

"ఏనుగు మెడకా?"

"మనిషి మెడకు. కొండవాళ్ళను పట్టి పోలీసులకు ఇవ్వడానికి మా ముత్తాత పెట్టుకున్న గొలుసు. మాకు ఏనుగు లేదు."

వదిన చేతిలో హారతి పళ్ళెం ఆగిపోయింది. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. గుండె డాక్టరు మెల్లగా లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో నేనెదురుచూసింది రాలేదు.

"అంటే," అన్నాడు, గొంతు తగ్గించి, "మీకు పోలీస్ పవర్సుండేవా?"

నాకు అర్థం కాలేదు.

"బావగారూ, మీరు చెప్పనేలేదే! ఎలిఫెంట్ ఎవరికైనా ఉంటుందండీ, గుళ్ళకు కూడా ఉంటుంది. ఇది పవరండీ. అరెస్ట్ చేసే పవరు! అమ్మాయీ, ఇలా రా, చూడు, మీ మావగారి గ్రేట్ గ్రాండ్‌ఫాదర్ రెబెల్స్‌ని పట్టుకున్న చైన్ ఇది. ఒరిజినల్."

అన్నయ్య కళ్ళు తెరిచాడు. ఒక్క క్షణం పట్టింది ఆయనకు, అంతే. "ఆ రోజుల్లో మెజిస్ట్రేటుకున్నంత అధికారమండీ," అన్నాడు. "చెప్పుకుంటే గొప్పలకు పోతున్నామంటారని చెప్పం."

ఏనుగు చచ్చిపోయిన అర నిమిషంలోపే మా ఇంట్లో మెజిస్ట్రేటు పుట్టాడు.

అమ్మాయి ఒక చివర, మావాడు ఒక చివర పట్టుకుంటే ఫోటో తీద్దామన్నాడు గుండె డాక్టరు. ఆ అమ్మాయి మాత్రం కడియం వైపు చూసి, "డాడ్, దట్స్ గ్రోస్," అంది. ఆ గరాజులో వినపడిన మంచి మాట అదొక్కటే. "జస్ట్ వన్ పిక్, నానా," అన్నాడు తండ్రి.

నేను వంగి గొలుసు తీసుకున్నాను.

"హారతి ఇవ్వకుండా తీయకూడదురా," అన్నాడు అన్నయ్య.

"హారతి ట్రెడ్‌మిల్‌కి ఇచ్చుకో."

"పెద్దవాణ్ణి నేను. అది నాది."

"నీదే. కాబట్టి నువ్వు కూడా రావచ్చు, మన్యానికి. డిసెంబరులో వెళ్తున్నాను. వాళ్ళు ఏం చేయమంటే అది చేస్తాను. పారేయమంటే పారేస్తాను, మెడకు వేసుకు నిలబడమంటే నిలబడతాను."

"పిచ్చెక్కిందా? ఆ కొండల్లో ఎవడికి తెలుసురా ఇదంతా?"

"వాళ్ళకు తెలుసు. గేటు లోపలికి రాలేదు."

నా తెల్ల పంచెకు, చొక్కాకు పసుపు మరకలయ్యాయి. గొలుసు కారు ముందు సీట్లో పడేసి బయలుదేరాను. వీధి మలుపు తిరగకుండానే కారు గీపెట్టడం మొదలుపెట్టింది. పక్క సీట్లో ఎవరో మనిషి కూర్చున్నాడని, బెల్టు పెట్టలేదని దాని బాధ. ఆపి, బెల్టు పెట్టాను.

రాష్ట్రం సరిహద్దు దాటాక పెట్రోలు కోసం ఆగితే ఫోను మోగింది. అన్నయ్య నంబరు. మాట్లాడింది గుండె డాక్టరు.

"బావగారూ, కోపం వచ్చిందాండీ? నేనేమన్నా తప్పుగా మాట్లాడానా?"

"లేదు."

"కాదండీ, మనస్ఫూర్తిగా అన్నాను. మావాళ్ళు ఎప్పుడూ ఒకళ్ళ పొలంలో కూలికి వెళ్ళినవాళ్ళే. తాతగారి పేరు తప్ప పైన ఇంకెవరూ తెలియదు. మాకు చెప్పుకోడానికి ఇలాంటిది ఒక్కటి కూడా లేదండీ."

"మీరు గొప్ప వంశంవారు," అన్నాను.

ఎగతాళి చేశాననుకున్నాడు. అయినా మర్యాదస్తుడు, కాసేపు నవ్వి, జాగ్రత్తగా డ్రైవ్ చేయమని చెప్పి పెట్టేశాడు.